నాలుగు ల్యాండింగుల మనిషి

ఆయన పోయిన సంగతి నాకు తాడును చూస్తే తెలిసింది.

యాంగోన్‌లో మేముండే లమ్మడా పేటంతా ఆరేసి, ఎనిమిదేసి అంతస్తుల పాత మేడలు. లిఫ్టులుండవు. అందుకని ప్రతి అంతస్తు వాళ్లూ వసారాలోంచి వీధిలోకి ఒక తాడు వేలాడదీస్తారు. కింది కొసకు క్లిప్పు, పై కొసకు చిన్న గంట. పేపరువాడు పేపరును క్లిప్పుకు తగిలించి తాడు గుంజితే పైన గంట మోగుతుంది, పైవాళ్లు లాక్కుంటారు. టిఫిను, మందులు, కరెంటు బిల్లు, పెళ్లి శుభలేఖ, అన్నీ తాడు మీదే ఎక్కుతాయి. ఆరో అంతస్తులో ఆయనది ఎర్ర నైలాను తాడు. వీధి మొదట్లోంచే కనిపించేది. రెండు రోజులుగా ఆయన ఫోను రాలేదని మొన్న ఆదివారం ఇడ్లీల పొట్లం పట్టుకుని వెళ్లాను. తలెత్తి చూస్తే తాడు లేదు. కిందింటి బర్మా ఆవిడ తలుపు తీసి, నా చేతిలో పొట్లం చూసి, "శయా శుక్రవారం పొద్దున పోయారమ్మా, నిద్రలోనే" అంది. మేనల్లుడెవరో వచ్చి అంత్యక్రియలు అయ్యాయనిపించి, ఇంటికి తాళం వేసుకుపోయాడట.

శయా అంటే గురువుగారు అన్నట్టు. వీధివాళ్లూ ఆఫీసువాళ్లూ ఆయన్ని అలాగే పిలిచేవారు. నేను మావయ్యా అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు. అహ్లోన్ రేవు పక్క బియ్యం మిల్లులో మా తాత, వాళ్ల నాన్న ఒకే జట్టులో బస్తాలు మోశారు, అంతే. బస్తాలు మోసినాయన కొడుకు విమానం పైలట్ ఎలా అయ్యాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తాడుకు ఆయన పెట్టిన హద్దు రెండు కేజీలు. కూరగాయలామె మూడు కేజీల సంచి తగిలించి గంట కొడితే, ఆయన పైనుంచి తొంగిచూసి, చేత్తో బరువు అంచనా కట్టి, "సగం తీసెయ్, రెండుసార్లు పంపు" అని బర్మా భాషలో కేకేసేవాడు. ఆమె విసుక్కునేది. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తెగిందా శయా అనేది. తెగిన రోజు నువ్వు దాని కిందే ఉంటావు అనేవాడు ఆయన. ఏటేటా వానలు మొదలయ్యే ముందు పాత తాడు తీసేసి కొత్తది కట్టేవాడు. పాతది చూస్తే కొత్తదానిలాగే ఉండేది. వీధి అంతా నవ్వుకునేది, నేను కూడా.

నేను చూసిన మనుషుల్లో అంత భయస్థుడు మరొకడు లేడు. రోడ్డు దాటాలంటే నా మోచెయ్యి పట్టుకునేవాడు. విమానం ఎక్కే ముందు ఒక్కో టైరు మీదా అరచెయ్యి ఆనించి, పిల్లవాడికి జ్వరం ఉందేమో చూసినట్టు చూసేవాడు. వేరే పైలట్ విమానం దింపుతుంటే చూడలేక వీపు తిప్పేసుకునేవాడు. "దిగినాక సెప్పండి" అనేవాడు. ముప్పై ఏళ్లు విమానాలు నడిపిన మనిషి.

నేను పనిచేసేది ఒక చిన్న విమానాల కంపెనీలో. పంకాలున్న చిన్న విమానాలు మావి. దక్షిణాన సముద్రం వెంట ఉన్న దవే, మ్యేక్, కొతౌంగ్ లాంటి ఊళ్లకు వెళ్తాయి. ఏ పైలట్ ఏ రోజు ఎక్కడికి వెళ్లాలో రోస్టరు వేయడం నా ఉద్యోగం. ఆలస్యమైన ప్రతి విమానానికీ కారణం రాయడం కూడా నా పనే. కారణాలకు నంబర్లుంటాయి. వానకొకటి, టైరుకొకటి, ఇంధనం రాకపోతే ఒకటి. పైలట్ కాగితం మీద రాసిచ్చింది చూసి నేను నంబరు వేయాలి. ఒకసారి ఆయన దవే దాకా వెళ్లి, దిగకుండా వెనక్కి వచ్చేశాడు. కాగితం చూస్తే కారణం గడిలో ఇంగ్లీషులో రెండే మాటలు, కింద సంతకం. భయం వేసింది, అని.

"మావయ్యా, దీనికి నంబరు నేదు. వాన అని ఏసీనా?" అన్నాను.

"వాన ఎక్కడుంది? తగ్గిపోనాది. కొండ కనపడింది, రన్‌వే కనపడింది. అయినా బయం ఏసింది. వొచ్చీసినాను."

"మేనేజరు ఊరుకుంటాడేటి?"

"బయం ఏస్తే బయం ఏసిందనే సెప్పాలి గుంటా. కడుపునొప్పి అని సెప్పకూడదు. రేపు ఇంకొకడికి అదే కొండ కాడ బయమేస్తే ఈ కాగితం గుర్తొస్తాది. ఆడు దైర్యంగా బయపడతాడు."

నేను వాన నంబరే వేశాను. ఆయన దాన్ని కొట్టేసి కాగితం నా బల్ల మీదికి తిరిగి పంపాడు. ఇలా మా ఇద్దరికీ ఏళ్ల తరబడి నడిచింది. నేను వేయడం, ఆయన కొట్టేయడం. నా ఉద్యోగంలో నాకు సరదాగా ఉండే పని అదొక్కటే.

ఆయన చొక్కా ఎడమ జేబులో పొద్దున్నే నాలుగు చింతపిక్కలు వేసుకునేవాడు. ఒక్కో ల్యాండింగ్ అయ్యాక ఒక పిక్క తీసి కుడి జేబులో వేసేవాడు. ఎడమ జేబు ఖాళీ అయితే ఆ రోజుకు ఆయన పని సరి. మా పైలట్ల సంఘానికీ కంపెనీకీ మధ్య ఒప్పందం ఒకటుండేది. చిన్న ఊళ్ల మీద తిరిగే పైలట్ రోజుకు నాలుగు ల్యాండింగులకు మించి చేయకూడదు. ప్రాణం మీదికి వచ్చిన రోగిని తేవలసి వస్తే మాత్రం ఐదోది చేయవచ్చు. సంఘం అధ్యక్షుడు ఆయనే, ఆ వాక్యం రాయించిందీ ఆయనే. పెద్ద విమానం ఎనిమిది గంటలు గాల్లో ఉన్నా దిగేది ఒక్కసారే, మనం గంటకోసారి దిగుతాం అనేవాడు. "పైన ఏటీ అవదు గుంటా. మనిషిని తినీసేది దిగడమే."

ఆ లెక్కన యాంగోన్‌లో లేచిన విమానం దవేలో దిగితే ఒకటి, మ్యేక్‌లో రెండు, కొతౌంగ్‌లో మూడు, తిరిగి మ్యేక్‌లో నాలుగు. అక్కడితో ఆపేసి పైలట్లు మ్యేక్ గెస్టుహౌసులో పడుకుని, మర్నాడు ఇంటికి వచ్చేవారు. మంచి రోజుల్లో అది ఎవరికీ పట్టలేదు.

తర్వాత మంచి రోజులు పోయాయి. ఇంధనం దొరకడం కష్టమైంది. విడిభాగాలు రావడం ఆగిపోయింది. ఐదు విమానాల్లో రెండింటిని షెడ్డులో నిలబెట్టి, వాటి భాగాలు ఊడదీసి మిగతా మూడింటికి తొడగడం మొదలుపెట్టారు. కుర్ర పైలట్లు సెలవు పెట్టి గల్ఫ్ వైపు వెళ్లి, తిరిగి రాక, ఇక్కడ వదిలిన బట్టలూ పుస్తకాలూ ఎవరిచేతనైనా పంపించమని కబురు చేసేవారు. ఎయిర్‌పోర్టులో మా పక్క కౌంటరు కంపెనీ ఒక సోమవారం తెరవలేదు. కంప్యూటర్ల మీద దుప్పటి కప్పి ఉంది. ఆ దుప్పటి చూసిన రోజు నుంచి మా ఆఫీసులో ఎవరూ గట్టిగా నవ్వలేదు. మా ఆయన ప్రెస్సు కరెంటు లేక అప్పటికే మూతపడింది. ఇద్దరు పిల్లలు. ఇంటికి వచ్చే జీతం నాదొక్కటే.

మా యజమాని చెప్పింది ఒకటే మాట. మ్యేక్‌లో రాత్రంతా నిద్రపోయే విమానం కంపెనీని తినేస్తోంది, అదే రోజు వెనక్కి రావాలి, నాలుగు కాదు ఆరు ల్యాండింగులు చేయాలి, లేదంటే వానలు వెళ్లేలోగా మూసేస్తాను. సంఘం కుదరదంది. సంఘం అంటే ఆయనే.

ఒక సాయంత్రం ఆరు అంతస్తులూ ఎక్కి వెళ్లాను. కరెంటు లేదు. వసారాలో ఒంటి మీద బనియనుతో కూర్చుని కొత్త తాడుకు గంట కడుతున్నాడు.

"సంతకం ఎట్టీ మావయ్యా," అన్నాను. "కంపెనీ బతకాలి గదా."

"బతకాలి. కాదంటానేటి?"

"మరి నాలుగే అని ఎందుకా పట్టు? నాలుగుకీ ఆరుకీ తేడా ఏటి?"

ఆయన గంట పక్కనపెట్టి తన కుడి చెయ్యి నా ముందు చాపాడు. "నాలుగు అని నాను ఏ పుస్తకంలోనూ సూడనేదు. ఒకరోజు మూడోది దిగినాక నా సెయ్యి సూసుకున్నాను, బాగానే ఉంది. నాలుగోది దిగినాక సూసుకున్నాను, వణుకుతోంది. అందుకే నాలుగు."

"కుర్రోళ్లకి వణకదు."

"వణుకుతాది. ఆళ్లు సూసుకోరు, అంతే."

"నా ఉద్యోగం పోతే నానేటి సెయ్యాలి?" అన్నాను. ఏడుపు వచ్చేసింది. సిగ్గుపడలేదు కూడా, ఏడిస్తే కరుగుతాడేమోనని కొంచెం ఎక్కువే ఏడ్చాను. ఆయన తాడుకు గంట కట్టడం ముగించాడు. చివరికి, "నీ మీద నాకు జాలి నేదని అనుకోకు. ఇమానంలో కూకున్నోళ్ల మీద కూడా ఉంది" అన్నాడు. దిగేటప్పుడు మెట్ల దాకా వచ్చి, చీకట్లో పడతానని తన టార్చిలైటు ఇచ్చాడు. మెట్లు దిగుతూ ఆయన్ని తిట్టుకున్నాను.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది. తీసేయబోయే వాళ్ల పట్టిక అది. ఏమీ బెదిరించలేదు. నాకు కనపడేలా కాగితాన్ని నా వైపు తిప్పి బల్ల మీద పెట్టాడు. పైనుంచి మూడో పేరు నాది.

"శయా మ్యేక్‌లో దిగాడు. నాలుగోది అయిపోయింది," అన్నాడు. "ఫోను చెయ్యి. అక్కడ ఒక గర్భిణికి రక్తం పోతోందని చెప్పు. ఐదోది ఎగురుతాడు."

"నిజంగా ఉందా?" అని అడిగాను. మేనేజరు ఫోనును నా వైపు జరిపాడు.

నేను ఫోను చేశాను. ఎవరో చేయించారని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గానీ వేళ్లు నావే, గొంతు నాదే.

"మావయ్యా, మ్యేక్‌లో పేషంటు ఉంది. కడుపుతో ఉన్న మనిషి. రక్తం పోతాంది. యాంగోన్ తేవాలట."

ఆయన వెంటనే అడిగాడు. "ఎన్నో నెల?"

నాకెవరూ చెప్పలేదు, అడుగుతాడని అనుకోలేదు. "ఏడు," అన్నాను. నా కూతురు ఏడో నెలలో పుట్టింది, ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

"సరే. వొస్తాను. అక్కడ అంబులెన్సు సిద్దంగా ఎట్టించు," అని పెట్టేశాడు.

పైలట్లకు చేసిన ప్రతి ఫోనూ టైము వేసి పుస్తకంలో రాయడం మా పద్ధతి. రాశాను. మ్యేక్‌లో రోగి, గర్భిణి, ఏడో నెల, కెప్టెన్ ఐదోదానికి ఒప్పుకున్నారు. తర్వాత ఆ విమానం వచ్చేదాకా కుర్చీలోంచి లేవలేదు. బయట ఆకాశం నల్లగా కమ్ముకుంది. వాన కిటికీ అద్దాల మీద రాళ్లు విసిరినట్టు పడుతోంది. ఆ విమానం రాకపోతే, అని మొదలైన ఆలోచన దాని చివరి వరకూ వెళ్లి, మళ్లీ మొదటికి వచ్చేది. నాకు తెలిసిన దేవుళ్లందరినీ, బర్మా వాళ్ల దేవుళ్లను కూడా పిలిచాను.

వచ్చింది. నలభై మంది మామూలు ప్రయాణికులు, ఎండుచేపల బుట్టలతో దిగారు. తర్వాత తెలిసింది, చివరి వరుసలో మూడు సీట్లు ఆవిడ పడుకోవడానికని ఖాళీగా ఉంచాడట. మ్యేక్‌లో మా కంపెనీ మనిషి ఆవిడ కోసం ఇక ఆగొద్దన్నాడట. అప్పటికే ఎక్కి కూర్చున్న జనాన్ని వానలో దింపలేక బయలుదేరాడట.

తడిసిన బట్టలతోనే నా బల్ల దగ్గరికి వచ్చాడు. కుడి జేబులోంచి నాలుగు చింతపిక్కలు తీసి నా ముందు పెట్టాడు.

"ఐదోదానికి పిక్క నేదు గుంటా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ యమ్మ పోనాదా?" అని అడిగాడు.

దారి పొడుగునా ఆ లేని మనిషి చచ్చిపోయిందనుకుంటూ వచ్చాడు. నేను తల ఎత్తలేకపోయాను. అవునన్నా సరిపోయేది, కాదన్నా సరిపోయేది. ఆయన నా తల వైపే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి పిక్కలు ఒక్కొక్కటీ ఏరుకుని జేబులో వేసుకున్నాడు. చెయ్యి వణుకుతుంటే ఒకటి కిందపడింది. వంగి వెతికి తీసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మేనేజరు ఆ పేజీ చింపేసి ఇంకోటి రాయమన్నాడు. రోగి మాట ఉంటే రోగి ఏదని అడుగుతారు గదా. కెప్టెన్ తన ఇష్టంతోనే మ్యేక్‌లో ఆగకుండా యాంగోన్ వచ్చారు, అని రాశాను. చింపిన పేజీని చెత్తబుట్టలో వేయబోయి, ఎందుకో మడిచి నా టిఫిను క్యారేజీ అడుగు గిన్నెలో పెట్టుకున్నాను. మంచి బుద్ధి పుట్టిందని చెప్పను. రేపు తప్పంతా నా మీదికే తోస్తే ఉంటుందని దాచాను.

వారం తర్వాత సంఘాన్ని చర్చకు పిలిచారు. ఫైళ్లు అందించడానికి నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను. యజమాని ఫోన్ల పుస్తకం తెరిచి బల్ల మధ్యలో పెట్టాడు. మీ అధ్యక్షుడే మామూలు ప్రయాణికులతో ఐదోది ఎగిరాడు, ఏమీ కాలేదు గదా, ఇంకా ఈ నాలుగు పట్టుకుని వేలాడటం దేనికి అన్నాడు. పైలట్లందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన పుస్తకం దగ్గరికి లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తలెత్తి నన్ను చూశాడు. ఒక్క మాట అంటే చాలు, నా ఉద్యోగం పోయేది. మోసం చేసినందుకు ఇంకేం జరిగేదో కూడా తెలియదు, ఈ ఊళ్లో ఈ రోజుల్లో.

"ఇది రాసిందెవరు?" అని బర్మా భాషలో అడిగాడు.

"రోస్టరు అమ్మాయి," అన్నాడు మేనేజరు.

"ఆ అమ్మాయి రాస్తే సరిగ్గానే రాసి ఉంటుంది. నా ఇష్టంతోనే వచ్చాను," అని ఆ పేజీ కింద సంతకం పెట్టాడు.

ఆ పూటే నాలుగు పోయి ఆరు అయింది. సంఘం తరపున ఇంకెవరు మాట్లాడతారు? నాకు ముందు వచ్చింది హమ్మయ్య అన్న ఊపిరి, ఉన్నమాట చెప్పాలి గదా. సిగ్గు ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చున్నాక వచ్చింది. మా కంపెనీ మూతపడలేదు. నా పిల్లల బడి ఆగలేదు. ఆయన సంఘం వదిలేశాడు, ఆ ఏడాది చివర్లో విమానం కూడా వదిలేశాడు. వయసైపోయిందని రాసిచ్చాడు. ఆయన రాసిచ్చిన కారణాల్లో నేను నమ్మనిది అదొక్కటే.

ఆ తర్వాత రోజూ సాయంత్రం, ఆరో ల్యాండింగ్ వేళకు నా బల్ల మీద ఫోను మోగేది.

"దిగినాదా?"

"దిగినాది మావయ్యా."

"సరే."

అంతే, పెట్టేసేవాడు. పండగ లేదు, జ్వరం లేదు, కరెంటు ఉన్నా లేకపోయినా రెండేళ్లు ఇదే మాట. ఆదివారాలు నేను ఇడ్లీలో అట్లో తాడుకు తగిలించి గంట కొట్టేదాన్ని. పైకి వెళ్లే ధైర్యం లేదు. ఆయన లాక్కుని, పైనుంచి చెయ్యి ఊపేవాడు. క్షమించమని అడగాలని ప్రతి ఆదివారం వీధి మలుపు దాకా అనుకునేదాన్ని. ఒక్కసారీ నోరు పెగల్లేదు.

పోయిన వానాకాలంలో ఒకరోజు విమానం రాలేదు. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. టవరువాళ్లకు మాట అందడం లేదు. అప్పుడే ఫోను మోగింది.

"దిగినాదా?"

పెద్ద ప్రాణం, గుండె జబ్బు మనిషి. కంగారు పెట్టడం ఎందుకని, "దిగినాది మావయ్యా" అన్నాను.

ఆయన సరే అని పెట్టేయలేదు. మెల్లగా అడిగాడు.

"ఎన్నో నెల?"

రెండేళ్లలో ఆయన ఆ లేని రోగి సంగతి ఎత్తింది ఆ ఒక్కసారే. కోపంగా అనలేదు. "దిగనేదు మావయ్యా," అన్నాను. "ఇరవై నిమిషాలైపోనాది. మాట అందట్లేదు. నాకు బయంగా ఉంది."

"ఆఁ, అలగ సెప్పు. ఫోను ఎట్టీకు. ఒక్కదానివీ ఎందుకు, ఇద్దరం బయపడదాం."

ఇద్దరం ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాం. ఆయన ఊపిరి వినిపిస్తూనే ఉంది. తొమ్మిది నిమిషాల తర్వాత విమానం దిగింది. రేడియో పాడైందట. చెప్పాను. "సరే," అని పెట్టేశాడు.

మొన్న సోమవారం ఆఫీసులో ఆయన ఫోటోకు దండ వేసి సంతాప సభ పెట్టారు. నాలుగు దగ్గర ఆగిపోయిన మమ్మల్ని తన ఇష్టంతో గీత దాటి బతికించిన మహానుభావుడని మేనేజరు కళ్లు తుడుచుకున్నాడు. మంగళవారం సంఘానికి ఉత్తరం వెళ్లింది. ఆరు చాలడం లేదు, ఎనిమిది కావాలని. ఉత్తరానికి ఆ పేజీ నకలు జతచేశారు, నా చేతిరాత, కింద ఆయన సంతకం.

ఇప్పుడు సంఘం అధ్యక్షుడు కో మిన్. ఆ రోజు మ్యేక్ నుంచి ఆయన పక్క సీట్లో కో-పైలట్‌గా కూర్చుని వచ్చిన కుర్రవాడే. బుధవారం నా బల్ల దగ్గరికి వచ్చాడు. వాళ్ల భాషలో నన్ను అమా అంటాడు, అక్కా అని.

"అమా, ఆ రోజు రోగి ఉందనే బయలుదేరాం. మూడు సీట్లు ఖాళీగా ఉంచింది నేనే. దిగాక శయా ఆ మాట ఎవరితోనూ అనొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నారు. ఎవరి కోసమో చెప్పలేదు. ఇప్పుడు చెప్తే మావాళ్లే నమ్మడం లేదు, సంతకం ఉంది గదా అంటున్నారు. శనివారం ఎనిమిది ల్యాండింగులకు సంతకం పెట్టమంటున్నారు. మీకేమైనా తెలుసా?"

"తెలియదు," అన్నాను. అతను తలూపి వెళ్లిపోయాడు. ఆ కుర్రవాడి కుడి చెయ్యి ప్యాంటు జేబులో ఉంది. అతను దాన్ని ఎప్పుడైనా చూసుకున్నాడో లేదో నాకు తెలియదు.

ఆ సాయంత్రం ఆరో ల్యాండింగ్ వేళకు ఫోను వైపు చూస్తూ కూర్చున్నాను. అది మోగదని తెలుసు. విమానం దిగిందని టవరు చెప్పింది. ఆ మాట చెప్పడానికి నాకు మనిషి లేడు. అప్పుడు తెలిసింది, రెండేళ్లుగా ఆయన ఫోను చేస్తున్నది తన భయం కోసమే కాదని. నా భయంలో సగం ఆయన మోస్తున్నాడు.

నిన్న శుక్రవారం ఆఫీసు అయ్యాక ఇంటికి వెళ్లి, ట్రంకుపెట్టె అడుగునుంచి ఆ చింపిన పేజీ తీశాను. మా ఆయనకు చూపించాను. చదివి, పిల్లల వైపు చూసి, "నీ ఉద్యోగం పోతాది" అన్నాడు. "పోతాది," అన్నాను. ఆయన కాగితం నా చేతికి తిరిగి ఇచ్చి, గొడుగు తెచ్చిచ్చాడు.

కో మిన్ ఉండేది మా పక్క వీధిలో, నాలుగో అంతస్తు. తాడు నీలం రంగుది. కాగితం క్లిప్పుకు తగిలించి, తడవకుండా ప్లాస్టిక్ సంచి చుట్టి, గంట లాగే ముందు చాలాసేపు తాడు పట్టుకుని నిలబడ్డాను. అప్పటికింకా వెనక్కి తీసుకోవచ్చు. ఇంటికి వెళ్లి అన్నం వండుకోవచ్చు. సోమవారం రోస్టరు వేసుకోవచ్చు.

లాగాను. పైన గంట మోగింది. కాగితం ఒక్కో అంతస్తూ దాటుకుంటూ ఊగుతూ వెళ్లింది. కో మిన్ వసారా దీపం కింద దాన్ని విప్పి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. కటకటాల మీదికి వంగి, "అమా, ఇది రాసిందెవరు?" అన్నాడు.

వీధిలో టీ దుకాణం ముందు జనం ఉన్నారు. అందరికీ వినపడేలా, "నేనే," అన్నాను. "రోగి లేదు. అబద్ధం చెప్పింది నేనే."

తర్వాత నా కుడి చెయ్యి చూసుకున్నాను. వణుకుతోంది.